బొమ్మలగుట్ట – వృషభగిరి తీర్థము

మన ప్రాంతమున గుట్ట లేని ఊరు అరుదు. ప్రతి గుట్టకు నొక పేరు, ప్రతి పేరునకు నొక కథ కలవు. ఒక గుట్టపై నరసింహస్వామి వెలసెనందురు. ఒక దానిపై మల్లన్న, మఱియొక దానిపై అంజన్న. కథలకు కొదువ లేదు గాని, తన చరిత్రను తన రాతిమీదనే వ్రాయించుకొని నిలిచిన గుట్టలు మాత్రము చాల తక్కువ. అట్టి గుట్ట నొకదానిని గూర్చి ఈ పూట మీకు మనవి చేయదలచితిని.

అది కరీంనగర్ జిల్లా, గంగాధర మండలములోని కురిక్యాల గ్రామమునకు చేరువనున్నది. జనులు దానిని బొమ్మలగుట్ట యనియు, బొమ్మలమ్మగుట్ట యనియు పిలుతురు. కరీంనగరమునుండి జగిత్యాలకు పోవు బాటలో గంగాధర కూడలిని దాటి కొండగట్టు అంజన్న దర్శనమునకు పోవువారు ప్రతిదినము వందల కొలది యున్నారు. వేములవాడ రాజన్నకు మ్రొక్కు చెల్లించి, అటనుండి కొండగట్టునకు పోవువారును కలరు. ఈ రెండు క్షేత్రముల నడుమ, వేయి సంవత్సరముల క్రిందటనే ప్రసిద్ధికెక్కిన మూడవ తీర్థ మొకటి యున్నదని వారిలో ఎఱిగినవారు కొలదిమందియే.

ఆ గుట్టపై నున్న వేమి? నిలువురాతి ముఖమున మలచిన బొమ్మలు. గరుడునిపై ఆసీనురాలై, చక్రములు ధరించిన దేవి యొకతె. ఆమె దాపున ధ్యానముద్రలో నున్న తీర్థంకరుల రూపములు. వానితో కూడ ఒక శిలాశాసనము. అది సంస్కృతము, కన్నడము, తెలుగు అను మూడు భాషలలో నున్నది. శాసనమున కాలము సంఖ్యతో చెప్పబడలేదు గాని, అందలి వ్యక్తులనుబట్టి అది క్రీ. శ. 945 ప్రాంతపుదని విద్వాంసులు నిర్ణయించిరి.

శాసనము చెప్పు సంగతిని ముందుగా సంగ్రహముగా చెప్పెదను. సబ్బినాటి నడుమ ధర్మవురమను ఊరు కలదు. దానికి ఉత్తరమున వృషభగిరి యను తీర్థమున్నది. అది నిన్న మొన్న పుట్టిన తీర్థము కాదు, అనాదినుండి సిద్ధమై యున్నదని శాసనము చెప్పును. ఆ గిరి దక్షిణభాగమున సిద్ధశిల యను రాతిమీద, మొదటి తీర్థంకరుని, కడపటి తీర్థంకరుని, చక్రేశ్వరీదేవిని, మఱికొన్ని జినప్రతిమలను జినవల్లభుడను వాడు చెక్కించెను. అంతట ఆగక త్రిభువనతిలకమను బసదిని కట్టించెను. కవితాగుణార్ణవమను చెఱువును త్రవ్వించెను. మదనవిలాసమను తోటను వేయించెను.

సబ్బినాడు అనగా నేటి కరీంనగర్ ప్రాంతమునకు ఆ కాలమునందుండిన పేరు. బసది యనగా జైనుల దేవాలయము. జైనులలో ముక్తిని పొందిన జీవులు లోకాగ్రమున నివసించు స్థానమునకు సిద్ధశిల యని పేరు. పరలోకమునందలి ఆ పేరును భూలోకమునందలి యొక బండరాతికి పెట్టుటలోనే ఆనాటివారు ఆ గుట్టను ఎంత పవిత్రముగా నెంచిరో తెలియుచున్నది.

ఇంతకు ఈ జినవల్లభు డెవ్వరు? ఇచ్చటనే విశేషమున్నది. కన్నడ సాహిత్యమునకు ఆదికవి యని పేరొందిన పంపమహాకవికి ఇతడు తమ్ముడు. పంపకవి క్రీ. శ. 941 లో ఆదిపురాణమును ముగించెను. పిమ్మట భారతకథను విక్రమార్జున విజయమను పేర రచించి, తన ప్రభువైన రెండవ అరికేసరిని అర్జునునితో అభేదముగా వర్ణించెను. అరికేసరి సంతసించి ఆయనకు ధర్మపురమను అగ్రహారము నిచ్చెను. ఈ అరికేసరి వేములవాడ చాళుక్యులలోనివాడు. వీరు రాష్ట్రకూట చక్రవర్తులకు సామంతులై మొదట బోధనమునుండి, పిమ్మట వేములవాడనుండి ఈ ప్రాంతము నేలిరి. నేడు రాజన్న కోడెలు తిరుగు వేములవాడయే ఆనాటి లేంబులవాటకము.

పంపకవి కుటుంబమును గూర్చి ఆయన కావ్యములు కొంత చెప్పినవి. తక్కిన దానిని ఈ గుట్ట చెప్పినది. వారిది వేంగినాటి యేడు గ్రామములలో నొకటియైన వంగిపఱ్ఱు. వారు శ్రీవత్సగోత్రులైన బ్రాహ్మణులు. పూర్వులలో మాధవ సోమయాజి యను ఆయన యజ్ఞములు చేసిన వైదికుడు. పంపకవి తండ్రి కాలమునకు ఆ కుటుంబము జైనమును స్వీకరించెను. తల్లి అబ్బణబ్బె, ఆమె నేటి ధారవాడ జిల్లాలోని అణ్ణిగేరికి చెందిన జోయిస సింఘుని మనుమరాలు. అనగా తండ్రి వైపు వేంగినాటి తెలుగు నేల, తల్లి వైపు బెళ్వొలనాటి కన్నడ నేల. కాపురము మన సబ్బినాడు. కులము వైదికము; మతము జైనము. ఇట్టి ఇంట పుట్టిన అన్నదమ్ములలో పెద్దవాడు కన్నడమున కావ్యము వ్రాసెను. చిన్నవాడు రాతిపై మూడు భాషలను వ్రాయించెను.

అన్న రచించిన ఆదిపురాణము ఎవరి కథ? మొదటి తీర్థంకరుడైన ఋషభనాథుని కథ. తమ్ముడు గుట్టపై చెక్కించిన ప్రతిమలలో మొదటిది ఎవరిది? ఆ ఋషభనాథునిదే. అన్న తాళపత్రముపై పలికిన దానిని తమ్ముడు శిలపై నిలిపెను. అంతేకాదు. కవితాగుణార్ణవు డనునది పంపకవి బిరుదు. తమ్ముడు తాను త్రవ్వించిన చెఱువునకు ఆ పేరే పెట్టెను. తన పేరు పెట్టుకొనవచ్చును, రాజు పేరు పెట్టి మెప్పు పొందవచ్చును. అన్నగారి కవిత్వమును తలచి, ఆ పేరును నీటికి పెట్టెను. మన ఊళ్ళలో చెఱువునకు ఎవరి పేరు నిలిచినదో వారి పేరు పంట పండినన్నాళ్ళు నిలుచునని మీకు నేను చెప్పనక్కఱలేదు.

మన పెద్దలు సప్తసంతానములని చెప్పుదురు: కొడుకు, నిక్షేపము, దేవాలయము, వనము, తటాకము, అగ్రహారము, కృతి. మనిషి గతించిన పిమ్మటను అతని పేరును నిలుపునవి ఈ యేడు. వీనిలో అగ్రహారము అన్నకు లభించినది, కృతియు అన్నదే. దేవాలయము, తటాకము, వనము తమ్మునివి. ఒక ఇంటి అన్నదమ్ములు ఇద్దఱు కూడి, యేడింటిలో అయిదింటిని ఈ చిన్న గుట్ట చుట్టు నిలిపిరి. జైనుడైన జినవల్లభుడు చేసిన పని మన ధర్మశాస్త్రము చెప్పిన లెక్కకు ఎంత చక్కగా సరిపోయినదో చూడుడు. మతము మాఱవచ్చును గాని, ఈ నేలపై పుణ్యమనగా నేమి యను భావన మాఱలేదు.

ఇచ్చట ఒక చిక్కును విడదీయవలసి యున్నది. పంపకవికి లభించిన ధర్మపురము గోదావరి యొడ్డున నున్న ధర్మపురియే యని కొందఱు తలచిరి. నృసింహక్షేత్రమగుటచే ఆ పేరు అందఱకు తెలిసినది. కనుక అట్లు తలచుట సహజము. కాని శాసనమే తీర్పు చెప్పుచున్నది. వృషభగిరి ధర్మవురమునకు ఉత్తరమున నున్నదని దాని మాట. కురిక్యాల గుట్టనుండి చూచినచో ధర్మపురి ఉత్తరమున ఉన్నది గాని దక్షిణమున లేదు. కావున పంపకవి అగ్రహారమైన ధర్మవురము ఈ గుట్టకు దక్షిణపు దిక్కున, దగ్గఱలోనే యుండిన వేఱొక ఊరని చెప్పుట యుక్తము. చరిత్రలో ఊహకన్న రాతిమాట బరువైనది.

ఇక వృషభగిరి యను పేరును గూర్చి చెప్పెదను. ఋషభుడన్నను వృషభుడన్నను ఎద్దనియే అర్థము. మొదటి తీర్థంకరునకు లాంఛనము ఎద్దు. జైనులు ఆయనను ఆదినాథుడని కొలుతురు. మీలో భాగవతము చదివినవారికి, విన్నవారికి ఈ ఋషభుడు క్రొత్తవాడు కాడు. నాభిమహారాజునకు మేరుదేవియందు జన్మించి, రాజ్యమేలి, భరతునికి పట్టము కట్టి, అవధూతయై దేశమున తిరిగిన ఋషభదేవుని కథ పంచమస్కంధమున కలదు. అచ్చట ఆయన విష్ణువు అవతారములలో నొకడు. పోతన పేర వెలసిన భాగవతములో ఆ పంచమస్కంధమును తెనిగించినవాడు గంగనకవి. జైనుల పురాణములోను ఋషభుని తండ్రి పేరు నాభియే, తల్లి పేరు మరుదేవి, కుమారుడు భరతుడే. ఒకే మహాపురుషుని ఒకరు తీర్థంకరుడనిరి, ఒకరు అవతారమనిరి.

చక్రేశ్వరీదేవి మాటయు నిట్టిదే. ఆమె ఋషభనాథుని శాసనదేవత, అనగా ఆ తీర్థంకరుని ధర్మమును కాపాడు యక్షిణి. ఆమె చేతిలో చక్రము, ఆమె వాహనము గరుడుడు. చక్రమును గరుడుని చూచిన మన పల్లె తల్లి ఎవరైనను ఆమెను విష్ణుశక్తి యనియే చేతులు జోడించును. జైనులు మలచిన దేవికి వైష్ణవ చిహ్నములు ఎట్లు వచ్చినవి, ఎవరు ఎవరినుండి గ్రహించిరి యని పండితులు వాదింపవచ్చును. ఆ వాదము మన ఊరి అమ్మకు పట్టలేదు. ఆమెకు కనబడినది అమ్మ. కావుననే బొమ్మలగుట్ట బొమ్మలమ్మగుట్ట యైనది. చక్రేశ్వరి యను సంస్కృత నామమును మఱచిన పల్లె నోరు, తనకు తెలిసిన అన్నిటికన్న గొప్ప పేరును ఆమెకిచ్చినది.

వేములవాడలో రాజన్నకు కోడె మ్రొక్కు కలదు. పిల్లలు కలిగినను, పంట పండినను, జబ్బు నయమైనను కోడెను గుడి చుట్టు త్రిప్పి కట్టివేయుదురు. ఆ కోడెకును వృషభగిరికిని చారిత్రక సంబంధము కలదని నేను చెప్పబోను. అందుకు ఆధారము లేదు. కాని సేద్యమునే నమ్ముకొన్న నేలపై, జైనుని ఆదిదేవునకు ఎద్దు గుర్తైనది, శైవుని దేవునకు ఎద్దు వాహనమైనది, రైతు మ్రొక్కునకు ఎద్దే కానుక యైనది. ఈ మూడింటిని ఒక్క సీమలోనే చూడగలుగుట మనకు లభించిన భాగ్యము.

తీర్థమను మాటను కూడ ఒక్కసారి ఆలోచింపుడు. తీర్థమనగా రేవు, నదిని దాటుటకు దిగు చోటు. సంసారమను నదిని దాటుటకు రేవు కట్టినవాడు తీర్థంకరుడని జైనులందురు. గోదావరిలో స్నానమాడి దాటుదుమని మనమందుము. మన తెలంగాణ పల్లెలలో జాతరకే తీర్థమని పేరు. రేవు ఒక్కటియే, దాటువారు వేఱు, పడవలు వేఱు.

ఈ గుట్ట ఒంటరిగా వెలసినది కాదు. ఆనాటి వేములవాడ రాజ్యము నంతను చూచినప్పుడే దీని స్థానము తెలియును. ఆ రాజులు శివునికి గుడి కట్టించిరి, జినునికిని కట్టించిరి. నలువది రెండు యుద్ధములు గెలిచినవాడని పేరొందిన మొదటి బద్దెగుని పేర బద్దెగేశ్వరాలయము వెలసినది. అదే వంశమున తరువాతి బద్దెగుడు వేములవాడలో శుభధామ జినాలయమును కట్టించెను. ఆ జినాలయమునకు పెద్ద సోమదేవసూరి. ఈయన సంస్కృతమున యశస్తిలక చంపువును, రాజనీతిని సూత్రములుగా చెప్పు నీతివాక్యామృతమును రచించిన మహాపండితుడు. యశస్తిలకము క్రీ. శ. 959 లో గంగాధరయందు ముగిసినది. క్రీ. శ. 966 లో మూడవ అరికేసరి ఆ శుభధామ జినాలయమునకై సోమదేవునకు ఒక గ్రామమును దానముచేసిన రాగిశాసనము పర్భణిలో దొరికినది. అనగా పదియవ శతాబ్దపు నడుమ ఇరువదియైదేండ్లలో, మన కరీంనగర్ సీమలో, ఒక ఆమడ రెండామడల నేలమీద, కన్నడమున భారతము, సంస్కృతమున చంపువు, తెలుగున శిలాపద్యములు వెలసినవి. ఆ వైభవమునకు సాక్షులలో గుట్టయొక్కటే కదలక నిలిచినది.

ఇంతమాత్రమున ఆనాడు అంతయు సామరస్యమేనని చెప్పుట సత్యము కాదు. రాష్ట్రకూట సామ్రాజ్యము క్రీ. శ. 973 లో కూలినది. దానితో జైనమునకు పెద్ద అండ పోయినది. తొలి కాకతీయులు జైనమును ఆదరించిరి. హనుమకొండ పద్మాక్షి గుట్టపై క్రీ. శ. 1117 నాటి శాసనము, మంత్రి బేతన భార్యయైన మైలమ కడలాలయ బసదిని నిర్మించిన సంగతి చెప్పును. పిమ్మట వీరశైవము ప్రబలినది. జైనులతో వాదములు, వైరములు జరిగినట్లు ఆ కాలపు శైవ వాఙ్మయమే చెప్పుచున్నది. పాల్కురికి సోమనాథుని కావ్యములు చదివినవారు దీనిని ఎఱుగుదురు. కొన్ని బసదులు పాడైనవి, కొన్ని ఇతర దేవాలయములైనవి. బొమ్మలగుట్ట కడ త్రిభువనతిలక బసది నేడు మనకు నిలువ లేదు. ఈ నిజమును దాచి తీయని కథ చెప్పుట పెద్దల ముందు తగదు.

అయినను రెండవ నిజము కూడ కలదు. బసది పోయినను బొమ్మలు పోలేదు. హనుమకొండలోను ఇంతియే. బసదియున్న చోటనే పద్మాక్షి అమ్మవారు హిందువుల పూజలందుకొనుచున్నది. ఆ గుట్ట క్రింద బతుకమ్మ పండుగనాడు ఆడువారు వేలకొలది చేరుదురు. రాతిపై తీర్థంకరుల రూపములు నేటికిని ఉన్నవి. పండితులు, రాజులు, మఠములు పోట్లాడిన చోట, పసుపు కుంకుమలు పట్టుకొని వచ్చిన తల్లులు రాజీ చేసిరి. అమ్మ యని మ్రొక్కిన రాతిని ఎవరు పగులగొట్టుదురు? జైనము ఈ సీమలో అంతరించిన పిమ్మట ఆరేడు వందల సంవత్సరములు కురిక్యాల శాసనమును చదువగలవాడు లేకపోయెను. చదువరాని అక్షరములను, పేరు తెలియని దేవతను జనుల భక్తియే కాపాడినదని నా నమ్మకము.

ఇక ఆ అక్షరముల సంగతి. నైజాము కాలమునందు హైదరాబాదులో లక్ష్మణరాయ పరిశోధక మండలివారు తెలంగాణమందలి శాసనములను వెదకి, 1935 లో ఒక సంపుటమును ప్రకటించిరి. తెలంగాణమున తెలుగునకు చరిత్ర లేదను అపవాదును తొలగించుటకు అది గొప్ప ప్రయత్నము. కురిక్యాల శాసనము విద్వాంసుల చేతికి వచ్చి, చదువబడి, ప్రకటింపబడినది మాత్రము అటు తరువాతి కాలమున, గత శతాబ్దపు ఉత్తరార్ధమునందు. అది వెలువడగానే అటు కన్నడ పండితులు, ఇటు తెలుగు పండితులు కూడ ఉలికిపడిరి. కన్నడ ఆదికవి వంశము, తల్లి పేరు, తమ్ముని పేరు వారికి దొరికినవి. మనకు మూడు కందపద్యములు దొరికినవి.

కందమన్న మీ కందఱకు చిన్ననాటి చుట్టమే. వీధిబడిలో వల్లెవేసిన సుమతి శతకము కందములే. కందము చెప్పినవాడే కవి యని మనలో సామెత కలదు. నాలుగేసి మాత్రల గణములు, రెండవ అక్షరమున ప్రాస, మూడవ గణము తరువాత విరిసి నిండు రెండవ పాదము – ఈ నడక కురిక్యాల రాతిపై వేయేండ్లక్రితమే తీర్చి దిద్దినట్లున్నది. మొదటి పద్యము జినాలయములు కట్టించుటలోను, జినపూజలు చేయుటలోను, జినమునులకు అన్నదానము చేయుటలోను జినవల్లభునకు సాటి యెవ్వరని అడుగును. రెండవది సూర్యుని ప్రస్తావించుచు ఆతని ప్రతిష్ఠను కవులయెదుట నిలుపును. మూడవది లోకమున ఒక్కొక్కరికి ఒక్కొక్క గుణముండుటను చెప్పి, ఆతని గుణగ్రహణమును మెచ్చును.

మనకు ఆదికవి నన్నయ. ఆయన రాజరాజనరేంద్రుని ఆస్థానమున భారతమును తెనిగించుటకు పూనుకొన్నది పదునొకండవ శతాబ్దమున. కురిక్యాల పద్యములు అంతకు దాదాపు నూఱేండ్లు పూర్వపువి. నన్నయకు ముందును పద్యము కలదనుటకు ఇతర సాక్ష్యములు లేకపోలేదు. క్రీ. శ. 848 నాటిదని చెప్పబడు అద్దంకి శాసనమున తరువోజ కలదు. బెజవాడ యుద్ధమల్లుని శాసనమున మధ్యాక్కరలు కలవు. అవి రెండును కోస్తా సీమవి. కురిక్యాల శాసనము ఉత్తర తెలంగాణమున దొరికిన సాక్ష్యము. కృష్ణ ఒడ్డున మాత్రమే కాక, గోదావరి కిటువైపున కూడ ఆ కాలమునకే తెలుగు పద్యము ప్రాసతో, యతితో, కొలతతో సాగుచుండెనని ఇది చాటుచున్నది. భారత ప్రభుత్వము 2008 వ సంవత్సరము అక్టోబరు 31 వ తేదీన తెలుగు, కన్నడ భాషలకు ప్రాచీనభాషా ప్రతిపత్తిని ఒక్కనాడే ప్రకటించినది. తెలుగు ప్రాచీనతను నిరూపింపబూనినవారు చూపిన సాక్ష్యములలో కురిక్యాల రాయి ముఖ్యమైనది. రెండు భాషలను ఒక్క రాతిపై కూర్చుండబెట్టిన జినవల్లభుడు ఆనాడుండినచో ఎంత సంతసించి యుండునో!

ఆతడు మూడు భాషలు ఎందులకు వ్రాయించెను? నాకు తోచినది చెప్పెదను. సంస్కృతము దేశమంతటి పండితులకొఱకు. కన్నడము రాజాస్థానముకొఱకు, రాష్ట్రకూటుల కాలమున, వేములవాడ కొలువులో దానికి గొప్ప మన్నన యుండెను. తెలుగు ఎవరికొఱకు? గుట్ట క్రింది ఊరివారికొఱకు; ఆ చెఱువు నీటితో మడి తడుపుకొనువారికొఱకు; ఆ తోట నీడలో కూర్చుండువారికొఱకు. తెలుగు పద్యములోనే అన్నదానము మాట వచ్చుట గమనింపదగినది. పల్లెవారు అర్థము చేసికొని మెచ్చుకొనునట్టి పుణ్యమును పల్లెవారి భాషలో చెప్పించెను. రాజు మాట వినిపించిన భాషతో సమానమైన చోటు ఊరి భాషకును రాతిపై లభించినది.

పెద్దలారా! ఇక చివరగా మనము చేయవలసిన పనిని గూర్చి కొన్ని మాటలు చెప్పి ముగించెదను. కరీంనగర్ జిల్లా రాతికి ప్రసిద్ధి. ఇచ్చటి గ్రానైటు పలకలు కోసి రైళ్ళపై, ఓడలపై విదేశములకు పంపుదురు. దానివలన కొందఱకు కూలి, కొందఱకు లాభము కలిగినవి; కాదనను. కాని గుట్టలు ఒక్కొక్కటి చెక్కలై పోవుచున్నవి. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో రాతిగనులవలన బొమ్మలగుట్టకును ముప్పు కలుగునని విద్వాంసులు, స్థానికులు ఆందోళన పడిరి. మందు పెట్టి ఒక బండను పేల్చినచో, దాని అదురు ప్రక్క బండకు తగులును. వేయేండ్లు ఎండకు వానకు ఓర్చిన అక్షరము, ఒక్క పగులుతో రెండు ముక్కలగును. కూలిన గుడిని తిరిగి కట్టవచ్చును. ఎండిన చెఱువును తిరిగి నింపవచ్చును. పగిలిన శాసనమును ఎవ్వరును తిరిగి వ్రాయలేరు.

ముప్పు గనులవలననే కాదు. నిక్షేపములున్నవను ఆశతో పాత గుళ్ళను, విగ్రహములను త్రవ్వి పాడుచేయువారు మన ప్రాంతమున కలరు. జినవల్లభుడు దాచిన నిక్షేపము బంగారము కాదు, మూడు పద్యములని వారికి మీరు చెప్పవలెను. మఱికొందఱు కుఱ్ఱవాండ్రు రాతిపై తమ పేర్లు చెక్కుదురు, రంగులతో వ్రాయుదురు. భక్తితోనే అయినను అక్షరములపై నూనె, పసుపు, సున్నము పూయరాదు. అమ్మకు పూలు సమర్పించిన చాలును. అక్షరములు స్పష్టముగా కనబడుటకని సుద్దతోగాని ఇనుపమొనతోగాని గీయుట మఱింత హాని. గుట్ట దగ్గఱ త్రవ్వకమేదైన కనబడినచో గ్రామపంచాయతీకిని, పురావస్తుశాఖకును వెంటనే తెలుపవలెను. ఏడాది కొకసారి ఊరి బడిపిల్లలను గుట్టకు తీసికొనిపోయి, ఇదిగో మన భాషలో కొండపై వ్రాసిన కందము, ఇది వ్రాయించినవాడు మన సీమవాడు, ఆతని అన్న కన్నడిగుల ఆదికవి అని చెప్పుడు. పుస్తకమున పది సంవత్సరములు చదివినను రాని గౌరవము, ఆ రాతియెదుట పదినిమిషములు నిలిచినచో కలుగును.

ఇన్ని శతాబ్దములు ఈ గుట్టను, ఎవరిదో తెలియక, ఏమి వ్రాసియున్నదో తెలియక, మన ముత్తాతలు అవ్వలు భక్తితో కాపాడిరి. వారికి తెలియనిది నేడు మనకు తెలిసినది. తెలియక కాపాడినవారికన్న తెలిసి కాపాడువారి బాధ్యత పెద్దది. తెలియనివారి చేతిలో వేయేండ్లు నిలిచినది, తెలిసినవారి కాలమున పోయినదను అపకీర్తి మనకు రాకుండుగాక. జినవల్లభుడు జైనుడు, ఆతని తాతలు సోమయాజులు, ఆతడు చెక్కించిన దేవి నేటి పల్లెకు బొమ్మలమ్మ. ఆ గుట్ట వారందఱిది. అందుచేతనే అది మనది.